ఎదుటి అంచు

వాచీలు బాగుచేసేవాడి దగ్గర భూతద్దం ఉంటుంది కాబట్టి, వీధిలో ఎవరికి వింత నాణెం దొరికినా అతని బల్ల దగ్గరికే తెచ్చేవారు. నూటికి తొంభై తొమ్మిది దెబ్బతిన్నవే. బండి చక్రం కింద నలిగినవి, సుత్తి పోటు పడ్డవి, యాసిడ్‌లో పడి సన్నబడ్డవి. టంకశాలలోనే తప్పుగా తయారైనవి ముప్పై ఏళ్లలో రెండో మూడో చూశాడు. దాంతో చూపుకంటే ముందు తీర్పు వచ్చేసే అలవాటు పడింది.

పదకొండేళ్ల కిందట ఒక ఆదివారం బంధువులంతా అక్కగారింట్లో కూడారు. అప్పట్లో బస్సు కండక్టరుగా ఉన్న బావ, జేబులోంచి ఒక కాగితం పొట్లం తీసి విప్పాడు. టిక్కెట్ల సంచిలో వచ్చిన నాణెం. బదులు తన నాణెం ఒకటి సంచిలో వేసి మరీ తెచ్చుకున్నాడు. ఒక పక్క అంచు నెలవంకలా కొరుక్కుపోయి ఉంది.

“చూడవోయ్ వాచీల డాక్టరూ, ఇది పుట్టుకతోనే ఇలా ఉందనిపిస్తోంది నాకు.”

అతను కొరుకుడు వైపు ఒక్క క్షణం చూశాడు. “పుట్టుకా పాడా! చిల్లర లేక ఎవడో నాణేన్నే కోసిచ్చాడు బావా నీకు.”

ఇల్లంతా గొల్లుమంది. అందరికంటే ముందు అక్క నవ్వింది. “ఈయనకి ఎవడేది అంటగట్టినా బంగారమే!”

బావ కూడా నవ్వాడు. మర్నాడు నాణేనికి నడుమ బెజ్జం వేసి, సైకిల్ క్యారియర్ బోల్టుకి వాషర్‌గా బిగించేశాడు. ఆ తర్వాత ఏది దొరికినా, ఏది నచ్చినా ఇంట్లో ఎవరికీ చూపించడం మానేశాడు.

ఈ మధ్య నాణేలు సేకరించే పెద్దమనిషొకాయన వాచీ బెల్టు కోసం వచ్చి, సరిగ్గా అలాంటిదే బల్లమీద పెట్టాడు.

“కోసింది” అన్నాడు అతను.

“కొరుకుడు చూడకండి, దానికి ఎదురుగా చూడండి.”

అంచు చుట్టూ ఉబ్బెత్తుగా ఉండే గట్టు అక్కడ వెలిసిపోయినట్టుంది. రేకులోంచి బిళ్ల కొట్టేటప్పుడే ముక్క తగ్గితే, గట్టు లేపే యంత్రంలో దాని ఎదుటి పక్కకి ఒత్తిడి అందదట. తర్వాత కోసినదానికైతే అక్కడ గట్టు నిండుగానే ఉంటుందట.

ఆ సాయంత్రం అతను పెందలాడే కొట్టు మూసి అక్కగారింటికి వెళ్లాడు. బావ సైకిల్ తుడుస్తున్నాడు. అతను రెంచీ అడిగి క్యారియర్ బోల్టు విప్పి నాణెం తీశాడు.

“నా సైకిల్‌కీ వైద్యమేనా?”

తుప్పు తుడిచి భూతద్దం పెట్టి చూశాడు. కొరుకుడుకి ఎదురుగా గట్టు లేవనే లేదు.

“బావా, నువ్వన్నదే నిజం. టంకశాలలోనే ఇలా తయారైంది. నేనే తప్పు చెప్పాను.”

ఎంత వస్తుందని అడుగుతాడనుకున్నాడు. బెజ్జం పడ్డాక ఏమీ రాదని చెప్పడానికి మాటలు కూడదీసుకున్నాడు.

“ఆ రోజు చుట్టూ తిప్పి చూశావా?” అన్నాడు బావ.

ఆ గుర్తు తనకప్పుడు తెలీదని అనొచ్చు. అదీ నిజమే.

“లేదు బావా. అందరూ నాకేసే చూస్తున్నారు. జోకు నోటిదాకా వచ్చేసింది.”

బావ తల ఊపి, గుడ్డ దులిపి హ్యాండిల్ మీద వేశాడు.

“ఏంటి, బావా బావమరుదుల గుసగుసలు?” అంటూ అక్క గుమ్మంలోకి వచ్చింది.

“ఏం లేదు. మీ తమ్ముడు బోల్టు బిగిస్తున్నాడు” అని బావ చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లిపోయాడు.

అతనే చెప్పాడు అక్కకి, ఒక్క ముక్కా దాచకుండా. ఆమె మొహం చిన్నబోయింది.

“ఏదీ, నన్ను చూడనీ” అని లోపలికి వినబడేలా అడిగింది.

కుళాయి చప్పుడు ఆగింది.

“ఇప్పుడేం చూస్తావులే” అన్నాడు బావ.