ఆఖరి పేజీ చూసి కొనే మా అత్త

మా అత్త పోయిన గురువారం నెల్లూరు ఆసుపత్రిలో కన్నుమూసింది. మైపాడు బళ్ళో ఆమె దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్ళకూ ఈ కబురు చేరాలని రాస్తున్నాను.

ఆమె మా నాన్నకు అక్క. పెళ్ళైన రెండో ఏడే మామ చేపల వేటకు వెళ్ళి తుపానులో చిక్కుకున్నాడు. బోటు చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి గానీ ఆయన రాలేదు. ఆ తర్వాతే అత్త చదువుకుని టీచరైంది. మైపాడులో సముద్రం పక్కనే బతుకుతూ ఇసుక మీదికి కూడా వెళ్ళేది కాదు.

ఎండాకాలం సెలవుల్లో నన్ను వెంటబెట్టుకుని పుస్తకాల షాపులకు బయలుదేరేది. నెల్లూరు, తిరుపతి, విజయవాడ, ఒకసారి మద్రాసు దాకా. ఏ పుస్తకం తీసినా ముందు ఆఖరి పేజీలు నిలబడే చదివేది. విజయవాడలో ఒక షాపాయన, "అన్నీ ఇక్కడే చదివేస్తే ఇంక కొనేదేముందమ్మా?" అని విసుక్కున్నాడు.

"నీళ్ళల్లో ఎవురన్నా పోతారేమో చూసుకుంటుండానయ్యా. పోతే నాకొద్దు" అంది అత్త.

ఆయన కుర్చీ తెచ్చి వేశాడు.

నిరుడు ఆమెకు కాలేయంలో గడ్డ బయటపడింది. ఇక మందులతో లాభం లేదని డాక్టరు చెప్పిన రోజు, ఇంటికి వస్తూ ఆటోలో అడిగింది.

"అబ్బయా, రాజమండ్రిలో షాపులు చూళ్ళేదు గదా మనం. తీసకపో. అట్నే పాపికొండలకు లాంచీ ఎక్కుదాం."

"లాంచీయా అత్తా?"

"లాంచీనే. భయంతోనే ఇన్నేళ్ళు గడిపినా. ఇంగ చాలు."

రాజమండ్రిలో షాపు మెట్లెక్కడానికే ఆయాసపడింది. అట్టలు నిమిరి చూసింది తప్ప ఒక్క పుస్తకమూ కొనలేదు. "ఇయ్యన్నీ చదివే టైము నాకు యాడుండాది" అంది, మామూలుగానే. నేను మొహం తిప్పుకున్నాను.

మర్నాడు లాంచీలో పాటలు పెట్టారు. పైన కుర్రకారు గంతులు. అత్త కింద, రెయిలింగు గట్టిగా పట్టుకుని కూర్చుంది. లైఫ్ జాకెట్ ఆమె ఒంటి మీద వదులుగా వేలాడుతోంది. కొండలు రెండు వైపులా దగ్గరపడిన చోట, ఎన్నడూ ఎత్తని మాట ఎత్తింది.

"మీ మామకు ఈత బాగా వచ్చు. అందుకే చానాసేపు అవస్థ పడుంటాడని నా దిగులు."

పులిహోర పంచితే కాస్త తిని, మిగిలింది నా వైపు జరిపింది. గోదావరి మీద ఆమె మనసు తేలికపడిందని నేను రాయలేను. దిగేదాకా రెయిలింగు వదల్లేదు.

ఆసుపత్రిలో చివరి రోజుల్లో నొప్పి ఆమెను మాట్లాడనివ్వలేదు. మందు పనిచేసిన ఒక పూట మాత్రం అంది: "నన్ను పెన్నలో కలపొద్దు. మైపాడు సముద్రంలోనే. మీ మామ ఉండే చోటికి."

ఆమె దగ్గర చదువుకున్న ఒకతను బోటు తీశాడు. అలలు దాటాక ఇంజను ఆపి, "టీచరమ్మ మా బోటెక్కింది ఇదే మొదలు గదన్నా" అన్నాడు.

నేను అస్థికల కుండ వంచాను. గాలి ఎదురు కొట్టింది. కొంత బూడిద నీళ్ళలోకి పోయింది, కొంత నా తడిచేతికి అంటుకుంది. కడుక్కుందామని వంగి, ఆగిపోయాను. ఒడ్డు చేరేదాకా ఆ చేతిని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను.