కిటికీ దగ్గర తెల్లచీర

మనిషి పోయిన తర్వాత కూడా సంతకం చెల్లుతుందని నాకు రెండో ఏజెన్సీలో చేరినప్పుడే తెలిసింది.

ఏజెన్సీ అంటే పెద్ద ఆఫీసేమీ కాదు, ఒక వెబ్‌సైట్. మనం తీసిన ఫొటోలు అందులో పెడితే, పుస్తకాలు వేసేవాళ్ళో ప్రకటనలు చేసేవాళ్ళో కొద్దిపాటి ధరకి వాడుకునే హక్కు కొనుక్కుంటారు. కొన్నేళ్ళుగా నా ఫొటోలు ఒకచోట పెడుతున్నాను. అమెరికాలో చికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో మా వంటగదిలో దొరికేవే అన్నీ. పోపు గింజలు, మంచు పట్టిన అద్దం, పళ్ళెంలో ఆరబోసిన కరివేపాకు, చర్చిలో ప్రేమవిందుకి వండిన బిర్యానీ గిన్నె.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. నాన్న సువార్త పని మీద ఊళ్ళు మారుతుంటే అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. పాఠం అయ్యాక పలక కింద పెట్టించి, "ఈ రోజు దేనికి స్తోత్రం చెప్తావు?" అని అడిగేది. ఏదో ఒకటి చెప్పందే లేవనిచ్చేది కాదు. కెమెరా కూడా అలాగే ఇంట్లోనే నేర్చుకున్నాను. మావారు రోజూ ఆఫీసుకి ట్రైన్‌లో చికాగో వెళ్ళిపోయాక, ఆయన పక్కన పడేసిన పాత కెమెరా తీసి, వీడియోలు చూస్తూ. అమ్మ అడిగిన ప్రశ్నకి ఈ దేశంలో నా జవాబు చాలాసార్లు ఆ కెమెరాయే.

చర్చిలో ఒక సిస్టర్ పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తుంది. అవే ఫొటోలు ఇంకో ఏజెన్సీలో కూడా పెట్టొచ్చని, ఒక్క చోటే నమ్ముకుని కూర్చోవద్దని తనే చెప్పింది. కొత్త ఏజెన్సీ వాళ్ళు ముందు మన ఫొటోల్లో మంచివి కొన్ని పంపమంటారు, అవి నచ్చితేనే చేర్చుకుంటారు. ఏరుతుంటే చెయ్యి మొదట అత్తయ్య ఫొటో దగ్గరే ఆగింది.

అది ప్రభు బల్ల ఉన్న ఆదివారం, అంటే చర్చిలో అందరం రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు తీసింది. ఆ రోజు మా చర్చిలో ఆడవాళ్ళం తెల్లచీర కడతాం. భర్త ఉన్నవాళ్ళూ, లేనివాళ్ళూ, పెళ్ళికానివాళ్ళూ, అందరమూ. అత్తయ్య అందరికంటే ముందే తయారై, కొంగు తల మీదికి లాక్కుని, వంటగది కిటికీ దగ్గర నిలబడి ప్రార్థన చేసుకుంటున్నారు. కదలకుండా ప్రార్థన చేయడం ఆవిడకి చేతకాదు, ఊగుతూనే ఉండేవారు. వెలుతురు తక్కువ కాబట్టి షటర్ ఎక్కువసేపు తెరిచి ఉండేలా నెమ్మదిగా పెట్టాను. కిటికీ చెక్క, చీర అంచు స్పష్టంగా పడ్డాయి. ముఖం మాత్రం పాలలో కలిసిపోయినట్టు చెదిరింది.

అమ్మకానికి పెట్టాలంటే ఫొటోలోని మనిషి అనుమతి కావాలి. అడిగితే కళ్ళద్దాలు పెట్టుకుని సంతకం చేసేశారు.

"నా మొహం పడకపోవడమే మంచిదైంది. ఇది చూసి ఎక్కడో ఒక్కరికి మోకాళ్ళూనాలనిపిస్తే చాలమ్మాయ్," అన్నారు.

ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆవిడ నన్ను తనకోసం కోరింది అదొక్కటే. మరుసటి చలికాలం ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు.

కొత్త ఏజెన్సీలో ఆ పాత అనుమతి పత్రమే సరిపోయింది. ఫొటో తీసేనాటికి ఆవిడ వయసెంత అని అడిగితే రాశాను. మొదటి ఏజెన్సీలో, ఫొటోని వెతికేవాళ్ళకి దొరకడానికి పెట్టే మాటలు నేనే కూర్చుకునేదాన్ని. ఇక్కడ కంప్యూటరే ఫొటో చూసి మాటలు ఇస్తుంది, అక్కర్లేనివి మనం కొట్టేయాలి. స్క్రీన్ మీద చక్రం కాసేపు తిరిగి తిరిగి, మాటలు వరసగా వచ్చాయి. దెయ్యం. వితంతువు. భయం. శాపం. పాడుబడిన ఇల్లు. ఇంగ్లీషులోనే ఉన్నాయి గాని నాకు తెలుగులోనే వినబడ్డాయి. రోజూ తుడుచుకునే నా వంటగదిని పాడుబడిన ఇల్లు అన్నందుకు నవ్వు కూడా వచ్చింది. అన్నీ కొట్టేసి ప్రార్థన, ఉదయం, విశ్వాసం, తెల్లచీర అని రాసుకున్నాను. ఫొటో నచ్చింది, నన్ను చేర్చుకున్నారు. స్తోత్రం చెప్పుకుని పడుకున్నాను.

కొన్ని వారాలకి మా అమ్మాయి హైస్కూల్ నుంచి వచ్చి, బ్యాగ్ కూడా దించకుండా ఫోన్ నా ముందు పెట్టింది. వాళ్ళ స్నేహితులంతా వినే దెయ్యం కథల పాడ్‌కాస్ట్ అట. దాని కొత్త సీజన్ బొమ్మ.

"అమ్మా, ఇది నానమ్మ కదా?"

మా కిటికీయే. వెలుతురంతా నీలంగా మార్చేశారు. ముఖం చెదిరిన చోట ఎవరో రెండు నల్లటి గుంటలు దిద్దారు.

"నానమ్మని గోస్ట్ చేసేశారు," అంది అది తన అమెరికా తెలుగులో. "ఫ్రెండ్స్‌కి చెప్పొచ్చా, షీ ఈజ్ మై నానమ్మ అని?" అని అడిగింది. నేను లాప్‌టాప్ తెరిచాను.

చూస్తే అమ్ముడైంది కొత్త ఏజెన్సీలోనే. నేను రాసిన తెల్లచీర అనే మాటే వాళ్ళకి దారి చూపించి ఉంటుంది. మాకు తెల్లచీర అంటే ప్రభు బల్ల. తల మీద కొంగుతో తెల్లచీర కట్టుకున్న ఆడమనిషిని బయటివాళ్ళు ఏమనుకుంటారో, తెలుగు సినిమా చూసిన ఏ పిల్లనడిగినా చెప్తుంది. అదొక్కటీ నాకు తట్టలేదు. ఏజెన్సీకి మెయిల్ పెట్టాను. అమ్మేసిన హక్కు వెనక్కి తీసుకోలేమని, కావాలంటే ఇకమీదట ఎవరూ కొనకుండా ఫొటో తీసేసుకోవచ్చని మర్యాదగానే రాశారు.

ఆ తర్వాత పొద్దున్నే వంటగదిలోకి వెళ్ళాలంటే, ముందు చెయ్యి చాపి లైటు వేసి, అప్పుడు కిటికీ వైపు చూసేదాన్ని. నా ఇంట్లో నేనే. ప్రార్థనకి కళ్ళు మూసుకుంటే అత్తయ్య వచ్చేవారు, ముఖం ఉండాల్సిన చోట ఆ గుంటలతో. ఆవిడ అసలు ముఖం ఎంత వెతుక్కున్నా దొరికేది కాదు. నాకు అన్నం కలిపి పెట్టిన మనిషి ముఖం. భయం కంటే అదే ఎక్కువ బాధగా ఉండేది. కళ్ళు తెరుచుకునే ప్రార్థన ముగించేదాన్ని.

ఫొటో తీసేద్దామనే అనుకున్నాను. కానీ మామయ్యగారికి చెప్పకుండా ఎలా తీస్తాను? ఆయన గది కింద బేస్‌మెంట్‌లో, సరిగ్గా వంటగది కింద. అత్తయ్య పోయిన దగ్గర్నుంచీ తెల్లవారి వెలుగు బాగా వచ్చేదాకా ఆయన పైకి రావడం మానేశారు. కాఫీ నేనే తీసుకెళ్ళి ఇస్తాను. ఆ రోజు కాఫీతో పాటు ఫోన్ కూడా తీసుకెళ్ళి, జరిగిందంతా చెప్పి బొమ్మ చూపించాను.

ఆయన చాలాసేపు చూశారు.

"నన్ను పెళ్ళైన దగ్గర్నుంచీ భయపెడుతూనే ఉంది మీ అత్తయ్య. ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ వంతు," అన్నారు.

నేను నవ్వలేకపోయాను. తీసేస్తానన్నాను.

ఆయన ఫోన్ తిరిగి ఇచ్చి, పైకప్పు వైపు చూశారు. అక్కడ నేల చెక్క ఒకటి వదులు, అత్తయ్య ఊగినప్పుడల్లా కిర్రుమనేది. పొద్దున్నే ఆ చప్పుడు ఇప్పటికీ వినబడుతుందని చెప్పారు. అందుకే పైకి రాకుండా ఇక్కడే కూర్చుంటారట. భయమా అని అడిగాను.

"వచ్చి చూస్తే తను ఉండదు కదమ్మా," అన్నారు.

కాఫీ చల్లారిపోయింది. వెచ్చబెట్టి తెస్తానని లేచాను. మెట్ల దగ్గర ఉండగా వెనక నుంచి పిలిచారు.

"తీయకు. వాళ్ళు కొనుక్కున్న దెయ్యం ఎటూ పోదు. నువ్వు దీన్ని తీసేస్తే అదొక్కటే మిగులుతుంది. ప్రార్థన కోసం వెతికేవాళ్ళు కూడా ఉంటారుగా, వాళ్ళకి దొరకనీ."

అత్తయ్య కోరిక నేను ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ చెప్పి ఉంటారేమో తెలియదు. ఫొటో ఉంచేశాను, రెండు చోట్లా.

తర్వాత వచ్చిన ప్రభు బల్ల ఆదివారం ముందే లేచి తెల్లచీర కట్టుకున్నాను. ఆ ఫొటో పక్కన ఆ కిటికీవే ఇంకొన్ని పెడితే, చూసేవాళ్ళకి అది ఒక ఇల్లని తెలుస్తుందనిపించింది. లైటు వేయలేదు. స్టాండు మీద కెమెరా పెట్టి, షటర్ అప్పటిలాగే నెమ్మదిగా ఉంచి, ఖాళీ కిటికీని తీశాను. కింద హీటర్ గాలికి తెర కొంచెం లేచింది, అంతే. అక్కడే బల్ల మీద లాప్‌టాప్ తెరిచి అప్‌లోడ్ చేశాను. కాసేపు తిరిగి తిరిగి, మొదటి మాట వచ్చింది. స్త్రీ.

ఫొటో పెద్దది చేసి మూలమూలలా చూశాను. తెర, కిటికీ చెక్క, బయట మంచు. ఎవరూ లేరు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మామయ్యగారు. ఇంకా వెలుగు రాలేదు. ఏమిటని అడిగితే స్క్రీన్ చూపించాను.

"ఆ ఫొటోకి ఏమంది ఇది?"

"దెయ్యం అంది మామయ్యగారూ."

"మనిషి ఉంటే దెయ్యం అంది. ఎవరూ లేకపోతే ఆడమనిషి ఉందంటోంది," అని నవ్వారు. అత్తయ్య పోయాక ఆయన నవ్వగా వినడం అదే మొదలు.

లేని మనిషిని ఉందని రాసి అమ్మకూడదు. ఆ మాట మీద వేలు పెట్టాను, కొట్టేశాను. ఆయన మెల్లగా వెళ్ళి కిటికీ దగ్గర, ఆవిడ నిలబడే చోట నిలబడ్డారు. కాళ్ళ కింద చెక్క కిర్రుమంది. నేను కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకున్నాను. ఏ ముఖం వస్తుందోనని చూడలేదు. చెక్క ఇంకోసారి కిర్రుమంది, మళ్ళీ ఇంకోసారి, ఒకే వరసలో. ఆయన ఊగుతున్నారనుకున్నాను. స్తోత్రం అన్నాను, అమ్మ అడగకుండానే.