మూడు వేళ్ల పిడికిలి

మా పెద్దమ్మ చనిపోయి పన్నెండు రోజులైంది. నారాయణఖేడ్ దవాఖానకు తీసుకెళ్తుంటే ఆటోలోనే గుండె ఆగింది. చేతులకు సున్నం అంటుకునే ఉంది. ఏడాదిగా ఒక్క కోడిపిల్ల కూడా దిగని షెడ్డుకు ఆమె మళ్లీ సున్నం వేస్తోంది.

ఆ షెడ్డు మనూర్ రోడ్డు పక్కన ఉంటుంది. ఒక కంపెనీ బ్రాయిలర్ కోడిపిల్లలను, దాణాను ఇచ్చేది. పెద్దమ్మ పెంచి అప్పగించేది. కోళ్లకు జబ్బున్నా లేకపోయినా నీళ్లలో కలపమని కంపెనీ సూపర్‌వైజర్ యాంటీబయాటిక్ డబ్బాలు తెచ్చేవాడు. "రోగం లేనిదానికి మందెందుకు సారూ?" అని పెద్దమ్మ వాటిని మూత తీయకుండా తిరిగిచ్చేది. వెల్లుల్లి, వాము, పసుపు ఎండబెట్టి, దంచి దాణాలో కలిపేది. ఒకచోట కాలు నిలవని నన్ను గంటలకొద్దీ రోటి ముందు కూర్చోబెట్టిన మనిషి ఆమె ఒక్కతే. రెట్ట చూసి కోడి కడుపు సంగతి చెప్పేది. కాగితం మీద ఎత్తి నా ముఖం ముందు పెట్టి, "డిగ్రీ సదివినవ్ గద, గిది సదువు" అనేది.

ఆమెకు కొలత అంటే పిడికిలే. బస్తా దాణాకు పిడికెడు పొడి. గడ్డి కోసే మిషన్‌లో పడి ఎప్పుడో ఆమె కుడిచేతి చివరి రెండు వేళ్లూ పోయాయి. ఒకసారి నా పిడికిలితో నేను కలిపాను. కోళ్లు ఆ ఘాటుకు దాణాను గెలికి వదిలేశాయి. పెద్దమ్మ నా వేళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టి, "నీకు రెండు ఎక్కువున్నయే పిల్లా" అని పడీపడీ నవ్వింది.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగి, కోళ్లు నోళ్లు తెరిచి రొప్పుతూ కూలి చచ్చిపోయాయి. సూపర్‌వైజర్ అక్కడే నిలబడి కర్చీఫుతో తనకు తాను విసురుకుంటున్నాడు. నేను చూశాను. అయినా తలుపుకు వేలాడే, ఆ విడత కోళ్ల లెక్కలు రాసే బ్యాచ్ కార్డు మీద, చావుకు కారణం అన్నచోట, 'నాటు మందు' అని రాశాడు. ఆ రెండు మాటలతో కంపెనీ పిల్లలను పంపడం మానేసింది. అంగట్లో జనం "పోపు వెట్టి సంపిందట" అని నవ్వారు. పెద్దమ్మ కార్డు మాత్రం చింపలేదు. "రాసినోడే కొట్టెయ్యాలె" అనేది. రోజూ ఖాళీ షెడ్డు ఊడ్చేది.

పదో రోజు భోజనాలకు ఆ సూపర్‌వైజర్ వచ్చాడు. విస్తరి ముందు కూర్చుని గొంతు తగ్గించాడు.

"పట్నంల హోటలోళ్లు ఇప్పుడు యాంటీబయాటిక్ లేని కోళ్లే కావాలంటున్నరమ్మా. మీ పెద్దమ్మ గా పొడి ఎంత ఏస్తుండె?"

"ముందు కార్డు మీద రాసింది కొట్టెయ్యండి సార్."

"పోయినామెకు ఇగ కార్డేందమ్మా!" అని నవ్వాడు.

నేను అతని చేతి వైపు చూశాను. అన్నం కలుపుతున్న ఐదు లావాటి వేళ్లు.

"పిడికెడు" అన్నాను. "బస్తాకు పిడికెడు."

ఎడమచేత్తో ఫోన్‌లో రాసుకున్నాడు.

నేను అబద్ధమాడలేదు. కోళ్లేం చావవు, దాణా ముట్టవు, అంతే. అప్పుడు కార్డు మీద కారణం ఏమని రాస్తాడో చూడాలని ఉంది. కోళ్లు పెంచే మీకు మాత్రం చెబుతున్నాను, పిడికెడంటే మూడు వేళ్లకు పట్టినంత. ఇది అతనూ చదివితే చదవనీ. ఆమె చేతిని తలచుకోకుండా ఆ కొలత అందదు. కార్డు ఇంకా తలుపుకే ఉంది. పక్కన దారంతో పెన్ను కట్టాను.

షెడ్డు మూలన పొడి డబ్బా కూడా అలాగే ఉంది. చివరి బ్యాచ్ తర్వాత దాన్ని ఎవరూ కదపలేదు. నిన్న మూత తీశాను. తేమకు పొడి గట్టిపడింది. నడిమధ్యన, ఆమె చివరిసారి చెయ్యి ముంచినచోట, మూడు వేళ్ల గుంట.