సరోజిని మూడో చరణం

బందరులో మైకుసెట్టు విల్సన్ అంటే తెలియనివాళ్ళు తక్కువ. పెళ్ళిళ్ళకీ, ఎన్నికల సభలకీ, క్రైస్తవ కూటాలకీ అతని లౌడుస్పీకర్లే వెళ్ళేవి. ఊరంతా వినేట్టు ఎవరెవరి గొంతులనో పెంచిపెట్టేవాడు గాని, తను మాత్రం నెమ్మదస్తుడు. భార్య సరోజిని టైఫాయిడ్‌తో పోయాక ఉన్న నాలుగు మాటలూ తగ్గిపోయాయి. పిల్లలు లేరు. కోనేరు సెంటరు దగ్గర కొట్టు, కొట్టు వెనక ఒక గది. మధ్యాహ్నం హోటల్లో ఇంత తిని వస్తే, మళ్ళీ పొద్దుగూకేదాకా రేడియోలు విప్పుకుంటూ కూర్చునేవాడు.

సరోజిని బతికుండగా ఆమె పాట అతను ఒక్కసారే రికార్డు చేశాడు. మిషను బంగళాలో ఉండే దొర సీమకు వెళ్ళిపోతూ, బ్యాటరీలతో నడిచే చిన్న టేపురికార్డరు అతనికిచ్చాడు. దాన్ని పట్టుకుని ఇద్దరూ నాగాయలంక వెళ్ళారు. అది ఆమె పుట్టిల్లు. చర్చిలో కోతపండుగ. సామ్యేలు మాస్టారు హార్మోనియం వాయిస్తుంటే సరోజిని మూడు చరణాల కీర్తన పాడింది. అక్కడికింకా కరెంటు రాలేదు. పొద్దుటినుంచీ ప్రార్థనలూ ప్రసంగాలూ పట్టిన బ్యాటరీలు ఆమె వంతు వచ్చేసరికి నీరసించిపోయాయి. పాట వింటూ కూర్చున్న విల్సన్ ఆ సంగతి గమనించుకోలేదు.

ఆమె పోయాక టేపు పెట్టుకున్నాడు. మొదటి చరణం సరోజినే. రెండో చరణానికి గొంతు సన్నబడింది. మూడోది ఎవరో చిన్నపిల్ల గబగబా పాడేసినట్టుంది. రికార్డు చేసేటప్పుడు మోటారు నీరసంగా తిరిగింది. ఇప్పుడు కొత్త బ్యాటరీలతో సరైన వేగంలో తిప్పితే, ఆ నీరసమంతా పరుగై బయటికొచ్చింది. అప్పటినుంచీ మొదటి చరణం అవగానే టేపు ఆపేసేవాడు.

ఒకనాడు దంతధావనం చేసుకుంటూ, సరోజిని తనని ఎలా పిలిచేదో తలుచుకోబోయాడు. చెవిలో పలికింది ఆ సన్నగొంతు. విల్సన్ బెదిరిపోయాడు. అసలు గొంతు తన లోపలినుంచి కూడా జారిపోతోందని అర్థమైంది.

కాలేజీ లెక్చరరు సూర్యప్రకాశరావు గారి దగ్గర కరెంటుతో నడిచే పెద్ద టేపురికార్డరు ఉంటే అడిగి తెచ్చుకున్నాడు. దొర ఇచ్చిన పాత టేపురికార్డరు మోటారుకి, వేగం తగ్గించి పెంచే రెగ్యులేటరు ఒకటి బిగించాడు. పాత టేపుని కావలసినంత నెమ్మదిగా తిప్పుతూ, ఆ పాటని పెద్ద మిషనులో కొత్త టేపు మీదికి ఎక్కించాలని అతని ఆలోచన. అయితే ఎంత నెమ్మది? తన చెవిని తనే నమ్మలేకపోయాడు.

పాటతోపాటు హార్మోనియం కూడా టేపులో పడిందని గుర్తొచ్చి, బస్సెక్కి నాగాయలంక వెళ్ళి సామ్యేలు మాస్టారి అరుగు మీద కూర్చున్నాడు.

"మీ హార్మోనియంతో పనిపడిందండీ. ఆ రోజు వాయించిందే కావాలి. దాని శ్రుతి మారలేదు గదా?"

"మారలేదయ్యా. పెట్టె పాతదైంది గాని పలుకు అదే," అన్నాడు మాస్టారు.

ఈ మాట అత్తగారు పాపాయమ్మ చెవినపడింది. "నేనూ వస్తాను బాబూ. నా పిల్ల గొంతు విని ఎన్నాళ్ళయిందో," అని చీర మార్చుకుని బయల్దేరింది. బస్సు పైన హార్మోనియం, లోపల వాళ్ళు ముగ్గురూ. అవనిగడ్డ, చల్లపల్లి దాటి బందరు చేరారు.

సాయంత్రం ఊళ్ళో దీపాలు వెలిగితే ఓల్టేజీ పడిపోతుంది. పెద్ద మిషను కూడా తడబడుతుంది. అందుకని తెల్లవారాక, పాత టేపుని మామూలు వేగంలోనే తిప్పుతూ మొదలుపెట్టారు. మాస్టారు ఒక మెట్టు నొక్కి పట్టుకున్నాడు. టేపులోని హార్మోనియం, గదిలోని హార్మోనియం ఒకదానితో ఒకటి పొసగక గాలిలో అలల్లా కొట్టుకున్నాయి. విల్సన్ రెగ్యులేటరుని వెంట్రుకవాసి తిప్పాడు. అలలు నెమ్మదించాయి, ఆగిపోయాయి. రెండూ ఒకటే అయ్యాయి. అప్పుడు రెగ్యులేటరు మీద ఆ చోట సుద్దతో గీత పెట్టుకున్నాడు. పాట సాగేకొద్దీ అలాగే కొత్త గీతలు. తరవాత హార్మోనియం ఆపించి, గీతల వెంట చెయ్యి నడుపుతూ పాటని ఎక్కించాడు. రెండుసార్లు చెయ్యి తొందరపడి చెడిపోయింది. మూడోసారి కుదిరింది.

కొత్త టేపు పెట్టాడు. మూడు చరణాలూ సరోజినే పాడింది. చివర ఊపిరి తీసుకోవడం కూడా ఆమెదే. విల్సన్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"మా పిల్లే," అంది పాపాయమ్మ. తరవాత, "ఆ పాతదాన్ని చెరిపేస్తావా బాబూ?" అని అడిగింది.

"అది తప్పు టేపు అత్తయ్యా. వేగం చెడిపోయింది."

"చెడితే చెడింది, ఉంచు. దానికి పదేళ్ళప్పుడు గట్టు మీద గేదెల్ని తోలుకొస్తా అట్టాగే పాడేది. ఆ పిల్లని నువ్వెరగవు గదా."

విల్సన్ పాత టేపుని మామూలు వేగంలో పెట్టాడు. మూడో చరణం చివరిదాకా ఆపలేదు. పాపాయమ్మ కళ్ళు మూసుకుని, ఎదురుగా ఎవరో నడిచొస్తున్నట్టు తలాడిస్తూ వింది.

ఆ తరవాత ఆమె వీలు చిక్కినప్పుడల్లా బందరు వచ్చేది. వస్తే పాత టేపు పెట్టేవాడు, వెళ్ళాక కొత్తది పెట్టుకునేవాడు. కొన్నేళ్ళకి ఆవిడా పోయింది. పాత టేపు పెట్టమని అడిగేవాళ్ళు లేకపోయారు. విల్సనే అప్పుడప్పుడు పెట్టుకుని, తనెరగని ఆ పిల్ల పాటని చివరిదాకా వినేవాడు.