మగ్గాల హోరులో పైడమ్మప్ప పాట

తడిసిన గోనెసంచి వాసన తగిలితే ఇప్పటికీ నాకు జూటుమిల్లే గుర్తుకొస్తుంది. నిన్న విజయనగరం రైతు బజారులో వాన జల్లుకి ఉల్లిపాయల సంచులు తడిశాయి. దుకాణదారు ఫోనులో ఓ పాత సినిమాపాట మోగుతోంది. "సన్నని దారాల్లో నిన్నే నేశాను" అని నేనూ అందుకున్నాను. అతను నవ్వి, అది "వెన్నెల దారుల్లో నిన్నే చూశాను" అని సరిదిద్దాడు. నాకు తెలియక కాదు. నేను పాడింది పైడమ్మప్ప పాట.

డిగ్రీ మధ్యలో ఆపేసి బొబ్బిలి దగ్గర మిల్లులో చేరినప్పుడు నాకు మగ్గం పని నేర్పింది ఆవిడే. భర్త పోయాడు. మంచం పట్టిన అత్తగారిని ఆ జీతంతోనే సాకేది. మగ్గాలు తిరుగుతుంటే పక్కమనిషి అరిచినా వినపడదు కాబట్టి అక్కడ అందరం పెదవులు చూసి, సైగలు చూసి మాట్లాడుకునేవాళ్లం. ఆ భాషా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. టీ వేళ పాటలు పాడేది. ఒక్కదాంట్లోనూ మాటలు సరిగ్గా ఉండేవి కావు. మేం పడీ పడీ నవ్వితే, రాసినవాడు మగ్గం దగ్గర నిలబడి ఉంటే ఇలాగే రాసేవాడనేది.

కొన్నేళ్లకి ఒకటి గమనించాను. కొత్త సినిమాలు వస్తున్నాయి గాని ఆవిడ నోట కొత్త పాట రావడం లేదు. ఒకరోజు షిఫ్టు దిగాక వెనకనుంచి పిలిచాను. తిరగలేదు. ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. నా మొహం చూడగానే ఆవిడకి సంగతి అర్థమైంది.

"ఎవులికీ సెప్పకమ్మీ. మిసనాడినంతసేపూ అందరమూ సెవిటోలమే. నానొక్కదాన్నేటి?"

చెప్పలేదు. మేస్త్రీ ఏదైనా అంటే, ఆయన వెనక నిలబడి అదే మాట పెదవులతో మళ్లీ చెప్పేదాన్ని. అలా చాలాకాలం నెట్టుకొచ్చాం.

ఒక వేసవి మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఆగాయి. కొత్తగా వచ్చిన మేనేజరు ఆవిడ వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాడు. నేను వరసకి అవతలి చివర ఉన్నాను. మళ్లీ పిలిచాడు. షెడ్డంతా విన్నది. ఆవిడ మాత్రం తెగిన పోగు ముడేసుకుంటూ, తన గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియక, ఆ నిశ్శబ్దంలో పాడుకుంటూనే ఉంది. అవే తప్పు మాటలు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

మర్నాటి నుంచి రావద్దన్నారు. చెవులు వినపడని మనిషికి మిషను దగ్గర ప్రమాదమన్నారు. ఆ చెవులు ఎక్కడ పోయాయో ఒక్కరూ అడగలేదు.

అత్తగారు కూడా పోయాక ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని కూలికి చింతపండు పిక్కలు తీస్తోంది. పాట పాడమంది. పెదవులు బాగా కదిలేలా, సినిమాలో ఉన్నట్టే పాడాను. మొదటి ముక్కకే చెయ్యి అడ్డం పెట్టింది.

"తప్పు పాడతన్నావే అమ్మీ. నాకింకేటి మిగిలున్నాది, ఆ పాటే కదా. సరిగ్గా పాడు."

ఆవిడ మాటలతో మళ్లీ మొదలుపెట్టాను. నా నోటివంకే చూస్తూ తలాడించింది. మరుసటి ఏడు ఆవిడా పోయింది.

మిల్లు మానేసి చాలాకాలమైనా నా చెవుల్లో హోరు ఆగలేదు. పిలిస్తే పలకనని ఇంట్లో విసుక్కుంటున్నారు. నిన్న ఆ దుకాణదారు నన్ను ఎన్నిసార్లు సరిదిద్దాడో నాకు తెలియదు. నేను తలెత్తేసరికి అతని పెదవులు కదులుతున్నాయి. పైడమ్మప్ప నేర్పినట్టే వాటిని చూసి తెలుసుకున్నాను.