పుత్తూరు కట్టు కోసుకున్న రోజు

మొన్న టీవీలో కబడ్డీ చూస్తున్నాను. ఒక ఆటగాడి చీలమండ మెలిపడింది. అతను పూర్తిగా నేలకొరిగే లోపే నలుగురు పరుగెత్తుకొచ్చి, ఏదో మందు చల్లి, చేతుల మీద పక్కకు తీసుకెళ్లారు, అతని బదులు ఇంకొకరు దిగారు, ఆట సాగిపోయింది. కాఫీ తెచ్చిన మా అమ్మాయి, ఎందుకలా దిగులుగా చూస్తున్నావని అడిగింది. దిగులు కాదు, అలసట. ఈ ఎడమ కాలిని ఇన్నేళ్లు ఈడ్చుకుంటూ తిరిగినవాడికి మిగిలేది అదే.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కబడ్డీ అంటే రబ్బరు చాపలూ రంగు దీపాలూ కాదు. పొద్దున్నే నీళ్లు చల్లి, గులకరాళ్లు ఏరి, సున్నంతో గీతలు గీసుకున్న ఎర్రమట్టి. చిత్తూరు దగ్గర ఒక ఫ్యాక్టరీవాళ్లు ఆట కోసమే నన్ను తాత్కాలికంగా పనిలో పెట్టుకుని, టీము గెలిస్తే పర్మనెంటు చేస్తామన్నారు. నాది ఎడమ మూల. కూతకొచ్చినవాడు పాదం చాచగానే వంగి చీలమండ దొరకబుచ్చుకోవాలి, వాడెంత తన్నుకున్నా మిగతావాళ్లు వచ్చి మీద పడేదాకా వదలకూడదు. గొప్పలు చెప్పుకోకూడదు గానీ, నాకు చిక్కిన కాలు గీత దాటడం అరుదు. ఆ తన్నుల్లో నా ముందుపన్ను ఎప్పుడు ఊడిందో కూడా గుర్తులేదు.

శ్రీకాళహస్తిలో ఫైనలుకు ఇరవై రోజుల ముందు, ప్రాక్టీసులో నా చీలమండే విరిగింది. మా వైపు ఎముక విరిగితే ఇంకో ఆలోచన ఉండదు, పుత్తూరు కట్టే. నాయన నన్ను వీపున మోసుకుపోయి బస్సెక్కించాడు. ఆకుపసరు పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టిన పెద్దాయన, నలభై రోజులు కట్టు విప్పవద్దని, కాలు నేల మోపవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. తిరుగు దారంతా నాయన ఆ మాటే నాకు అప్పజెబుతూ వచ్చాడు.

ఫైనల్ రోజు పొద్దున నేను కొడవలితో ఆ కట్టు కోసుకుంటుండగా నాయన చూశాడు. తిట్టలేదు. ఎవరి ముందూ వంగి ఎరగని మనిషి, నా ముందు గొంతుక్కూర్చుని, వాచిన చీలమండను రెండు చేతులా పట్టుకున్నాడు.

“పోవాకురా. ఆట యాడికీ పోదు. కాలు పోతే మల్లా వస్తాదా?”

“ఈ పొద్దు ఆడకుంటే నన్ను మల్లా పిలవరు నాయనా.”

విదిలించుకుని వెళ్లాను. గెలిచాం, చివరి కూతకొచ్చినవాణ్ణి పట్టింది నేనే. అన్నమాట ప్రకారం పర్మనెంటూ చేశారు. మరుసటి ఏడాదికి నా మూలలో ఇంకొకడు నిలబడ్డాడు, నేను గోడౌన్‌లో గుమస్తానయ్యాను. రిటైరయ్యేదాకా అందరికీ కుంటాయన్నే. ఎందుకు కుంటుతున్నానని అడిగినవాళ్లు మాత్రం తక్కువ.

ఇప్పటి ఆటగాళ్లను ఆపేవాళ్లున్నారు. సంతోషమే. ఆ రోజుల్లో మమ్మల్ని ఆపే దిక్కెక్కడిదని ఇన్నాళ్లూ అందరితో అంటూ వచ్చాను గానీ, అది నిజం కాదు. ఎంతోమంది కాళ్లు నేను ఒడిసిపట్టాను, నా కాలిని నాయన ఒక్కడే పట్టుకున్నాడు. అంత బలమైన మనిషి చేతుల్లోంచి అంత సులువుగా ఎలా విడిపించుకున్నానో చాలా ఏళ్లు అర్థం కాలేదు. విరిగిన కాలు కదా, నొప్పి పుడుతుందని ఆయన గట్టిగా పట్టుకోలేదు.