వీపు మీది నెమలి

ఆబిడ్స్‌లో బస్సెక్కిన ఆమెకు నా పక్కన ఖాళీ సీటు చూపించాను. కూర్చోలేదు. జడ ముందుకు వేసుకుని, మాకు వీపు కనబడేలా నిలబడింది. జాకెట్టు మీద మగ్గం వర్కు నెమలి మెరుస్తోంది.

"సీటుండంగ గీ షోకులేంది బిడ్డా?" అన్నాడు వెనక సీటు పెద్దాయన.

"ఔ, షోకే! ఇన్నేండ్లు నేను కుడితే షాపోళ్లు వాళ్ల పేరు చెప్పుకున్నరు. గీ నెమలి నా చేతి పని. కూసుంటే ఎవరికి కనవడ్తది?" అందామె, బస్సంతా వినబడేలా.

నాంపల్లిలో దిగేలోపు ఇద్దరు ఆమె ఫోన్ నంబరు తీసుకున్నారు.

నేను పుస్తకాలకు బొమ్మలేస్తాను. అంతవరకు ఓ మూల, కనబడీ కనబడకుండా సంతకం చేసేదాన్ని. ఇప్పుడు పెద్దగానే చేస్తున్నాను. తగ్గించమన్నా తగ్గించడం లేదు.